ఎండ ఉన్నంతసేపూ

ఫిబ్రవరి 5, సోమవారం

అమ్మడూ,

మేం బాగున్నాం, నువ్వూ బాగుండాలి. అడగాల్సిన క్షేమాలన్నీ ఈ ఒక్క వాక్యంలో అయిపోయాయి కాబట్టి అసలు సంగతికి వస్తాను. మన పరుపుల దుకాణం నెత్తిన పది సోలార్ పలకలు ఎక్కి కూర్చున్నాయి. ఔను, నీకు చెప్పకుండానే పెట్టించాను. నీకు చెబితే నెల రోజులు ప్రశ్నలడుగుతావు, ఆ తర్వాత నేనే వచ్చి బిగిస్తానంటావు, నీకేమో సెలవు దొరకదు. ఈలోగా ఎండలు ముదిరిపోతాయి. మధ్యాహ్నం కరెంటు పోతే దూది ఏకే మిషను ఆగిపోతుంది. మిషను ఆగితే మీ అత్త ఊరుకోదు, గడ్డకట్టిన దూదంతా చేత్తో విప్పుతుంది. ఆ దుమ్ముకి ఇక దగ్గే దగ్గు. పోయిన వేసవిలో ఆవిడ ఊపిరి అందక గుమ్మం పట్టుకుని నిలబడ్డం చూశాక నా వల్ల కాలేదు. అందుకని పెట్టించాను, అంతే.

బిగించినాయన పని చేస్తున్నంతసేపూ ఈల వేస్తూనే ఉంటాడు. మీ అత్త ఈలలాయన అని పేరు పెట్టేసింది. పలకల్ని ఒక్కొక్కటిగా నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కేశాడంటే నమ్ము. నేనూ పైకెక్కాను. రేకుల మీద కాలు పెట్టడానికి తటపటాయిస్తుంటే, "పలకల మీదే నడవండి సార్, ఏం కాదు" అన్నాడు. నడిచాను కూడా. చివర్లో అటక మీద రెండు ప్లగ్గులు మాత్రం ఒకదాంట్లో ఒకటి దూరలేదు. ఒకటి ఒక కంపెనీదట, రెండోది వేరే కంపెనీదట. పటకారుతో నొక్కి బిగించి, "ఇంక ఇది మీ మనవల కాలానిక్కూడా ఊడదు" అన్నాడు. వైర్లు రేకు కన్నంలోంచి దూది అటక మీదకి దిగి, అక్కడ కాస్త వేలాడి, గోడ వెంట మీటరు పక్కన పెట్టెలోకి వెళ్తాయి. మిషను ఇప్పుడు మధ్యాహ్నమంతా ఝామ్మని తిరుగుతోంది.

మీ అత్త కళ్లు ఇంకొంచెం మందగించాయి. సూదిలో దారం వేళ్లతోనే ఎక్కించేస్తోంది కానీ అక్షరాలు కుదరడం లేదు. నీ ఉత్తరాలు నేనే చదివి వినిపిస్తున్నాను. నా గొంతుతో నీ దబాయింపులు వింటుంటే నవ్వాగదట ఆవిడకి.

మా మేనకోడలు సోలార్ ఇంజినీరని కనిపించినవాళ్లందరికీ చెప్పుకు తిరిగే
మీ మావయ్య

ఫిబ్రవరి 8, గురువారం

మావయ్యా,

నేను ఇంజినీర్ని కాదు, ఫిట్టర్ని. మీ ఈలలాయన లాంటిదాన్నే, నాకు ఈల రాదు. కొంచెం గబగబా రాస్తాను. ఈ పలకల మైదానంలో ఫోను పలకదని తెలుసుగా, గురువారం గురువారం వచ్చే నీళ్ల ట్యాంకరే మా పోస్టాఫీసు. ట్యాంకరు ఖాళీ అవడానికి నలభై నిమిషాలు పడుతుంది. నీ ఉత్తరం రెండుసార్లు చదవడానికే పది నిమిషాలు పోయాయి, కాబట్టి మిగిలింది ముప్పై.

పలకని నెత్తిన మొయ్యకూడదు. ఇద్దరు మనుషులు చెరో అంచూ పట్టుకుని, నిలువుగా తీసుకెళ్లాలి. దాని మీద నడవకూడదు. పైన అద్దం బాగానే ఉంటుంది, లోపల కంటికి కనిపించని పగుళ్లొస్తాయి, పగిలినచోట వేడెక్కుతుంది. అన్నిటికంటే ముఖ్యం, దానికి చచ్చిపోవడం తెలియదు. కింద స్విచ్చు కట్టేస్తే స్విచ్చుకి ఇవతల కరెంటు ఆగుతుంది, అవతల ఆగదు. ఎండ ఉన్నంతసేపూ పలకలోనూ దాని వైర్లోనూ ప్రాణం ఉంటుంది. మా సూపర్‌వైజరమ్మ నడుముకి పెద్ద తాళాల గుత్తి కట్టుకుని తిరుగుతుంది, అందుకే తాళాలమ్మ అంటాం. ఎవరు ఏ వరసలో పని చేస్తే ఆ వరస స్విచ్చుకి తాళం వేసుకుని తాళంచెవి తమ జేబులోనే పెట్టుకోవాలి. ఆవిడ అడిగినా ఇవ్వకూడదు, ఇస్తే ఆవిడే తిడుతుంది.

ఆ పటకారు ప్లగ్గు సంగతి చదివినప్పట్నుంచీ మనసు మనసులో లేదు. ఈలలాయన్ని పిలిపించు. రెండూ ఒకే కంపెనీవి వేయించు. ఇంకోటి, వైర్లు అటకలో వేలాడుతున్నాయన్నావు, అదీ నచ్చలేదు. రేకు అంచు కత్తిలా ఉంటుంది, వైరు ఊగి ఊగి దానికి రాసుకుంటే తొడుగు చీలిపోతుంది. ఊగకుండా, దేనికీ రాసుకోకుండా, వాన చుక్క పడకుండా జాగ్రత్త చెయ్యి.

అత్త ఊపిరి కోసం పెట్టించావని చదివాక నీ మీద కోపం సగం పోయింది. మిగతా సగం ప్లగ్గు మార్చాక పోతుంది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

నీ మేనకోడలు

ఫిబ్రవరి 13, మంగళవారం

ఫిట్టరమ్మా,

నీ ఉత్తరంలో ఎన్నిసార్లు "కూడదు" అన్నావో లెక్కపెట్టుకున్నావా? మీ అత్తకి అందులో ఒక్కటే చదివాను, మిగతావి నేనే మింగేశాను. ఆవిడకి కొత్త అలవాటొకటి పట్టుకుంది. కింద మిషను రొద పడదని అటక మీదకి ఎక్కి, అక్కడే చాప పరుచుకుని దూది రకాలు విడదీస్తోంది. పొద్దున ఎక్కితే సాయంత్రానికి గానీ దిగదు. వేళ్లతో తడిమి ఏది పొడుగు పింజో ఏది పొట్టి పింజో చెప్పేస్తుంది. కళ్లున్నవాళ్లు కూడా అంత ఖచ్చితంగా చెప్పలేరు. అలాంటి మనిషికి నెత్తి మీద ప్రాణమున్న వైర్లున్నాయని చదివి వినిపిస్తే ఇంకేముంది, అటక ఎక్కడం మానేసి గుమ్మంలో కూర్చుంటుంది.

పక్క లాండ్రీవాళ్ల ఫోను నుంచి ఈలలాయనకి నాలుగుసార్లు చేయించాను. ఎత్తలేదు. కంపెనీవాళ్లని అడిగితే ఆయన పని మానేశాడు, వచ్చే నెల వేరే మనిషిని పంపిస్తామన్నారు. మంచిదే, తొందరేముంది.

వైర్ల గొడవ మాత్రం ఆవేళే తీర్చేశాను. ఒకరి చేత చేయించింది కాదు, నా చేత్తో చేసింది. ఇప్పుడవి ఊగవు, రాసుకోవు, చుక్క తడి తగలదు. చంటిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాను. నువ్వొచ్చి చూస్తే నోరెళ్లబెడతావు.

ఒక్కటే చికాకు. పదకొండింటికి మొదలై మూడింటిదాకా రేడియోలో చిటపటమని గోల. మబ్బు పడితే ఆగుతుంది, ఎండ రాగానే మళ్లీ మొదలు. వార్తలు వినాలంటే మబ్బు కోసం ఎదురుచూడాల్సొస్తోంది. దీనికేమైనా మందుందా? అడిగానని మళ్లీ పాఠం మొదలెట్టకు. నిన్ను అడక్కుండా పెట్టించానని లోపల ఉడుక్కుంటున్నావని నాకు తెలుసు.

మీ మావయ్య

ఫిబ్రవరి 22, గురువారం

మావయ్యా,

పోయిన గురువారం నీ ఉత్తరం నా చేతికి వచ్చేసరికే ట్యాంకరు కదిలిపోతోంది, అందుకే వారం ఆలస్యం. నేనేం ఉడుక్కోలేదు. కొంచెం ఉడుక్కున్నాను. నాకు నేర్పించినవాడివి నువ్వు. కుట్టు విప్పకుండా లోపలి దూది సంగతి ఎలా పట్టుకోవాలో నీ దగ్గరే నేర్చుకుని, అదే బుద్ధితో ఇక్కడ పలకలు చూస్తున్నాను. నా సొంతింటి కప్పు ఎవరో ఈలలాయన చేతిలో పెట్టావని తెలిస్తే ఎవరికి మాత్రం నొప్పి ఉండదు?

వైర్లకి పైపు తొడిగించావన్నమాట. చాలా మంచి పని. ప్లగ్గులు బయటికి గాలి తగిలేలా ఉంచావనుకుంటాను. రేడియో గోల మీటరు పక్క పెట్టె వల్లే అయ్యుంటుంది. రేడియోని అవతలి గోడకి మార్చి చూడు.

ఇప్పుడు రాసేది అత్తకి కూడా చదువు. మింగెయ్యకు. మొన్న సోమవారం మిట్టమధ్యాహ్నం మా పక్క వరసలో కమురు వాసన వచ్చింది. వెళ్లి చూస్తే ఒక ప్లగ్గు మెత్తబడి ఒంగిపోయి ఉంది. జత కాని ప్లగ్గులు, ఎవరో తొందరలో బిగించినవి. లోపల సరిగ్గా అతకవు కదా, ఆ సందులో వేడి పుడుతుంది, రోజూ కాస్త కాస్త కాలుతుంది, పైకి మాత్రం ఏమీ తెలియదు. మాతో పనిచేసే పొడుగాయన, పదకొండేళ్ల అనుభవమున్న మనిషి, తాళం వెయ్యడం మర్చిపోయి దాన్ని పట్టుకు లాగాడు. తెల్లటి వెలుగొచ్చింది మావయ్యా. ఇంట్లో స్విచ్చులో నిప్పురవ్వ ఠప్పుమని ఆరిపోతుంది చూశావా, ఇది ఆరదు. ప్లగ్గు రెండు ముక్కలై చెరోవైపుకీ వెళ్లినా మధ్యలో మంట సాగుతూనే ఉంది. తాళాలమ్మ పరిగెత్తుకొచ్చి స్విచ్చు కట్టేదాకా అలాగే ఉంది. ఆయన రెండు వేళ్ల మీద చర్మం లేదిప్పుడు. అది ఎడారిలాంటి మైదానం కాబట్టి, చుట్టూ మట్టి కాబట్టి, అక్కడితో పోయింది.

మన అటకలో ఏముంటుందో నేను నీకు చెప్పాలా? అటకెక్కి ఆ ప్లగ్గుల్ని ఒకసారి చూడు. ముట్టుకోకు, ఊరికే చూడు. రంగు మారిందా, మెత్తబడిందా, కమురు వాసనేమైనా వస్తోందా రాయి. అనుమానముంటే కంపెనీ మీద పడి కేకలెయ్యి, నీకది బాగా వచ్చు.

నీ మేనకోడలు

మార్చి 2, శనివారం

అమ్మాయీ,

చూడమన్నావు, చూశాను. ఏం కనిపిస్తుంది చూస్తే, గలీబు కనిపిస్తుంది.

పైపులంటావేంటి నువ్వు? నాకు పైపులేం తెలుసు. ఊగకూడదు, రాసుకోకూడదు, తడవకూడదు అన్నావు. నలభై ఏళ్లుగా మనుషుల నడుములు నలక్కుండా ఏం చేస్తున్నానో వైర్లకీ అదే చేశాను. రెండు వైర్లూ, ఆ రెండు ప్లగ్గులూ కలిపి ఒక్క కట్టగా పేర్చి, చుట్టూ రెండంగుళాల మందాన పొడుగు పింజ దూది పరిచి, పైన దళసరి గుడ్డతో గలీబు కుట్టి, దూలానికి మూడుచోట్ల కట్టాను. కుట్టు ఎక్కడ మొదలైందో నువ్వు కనిపెట్టలేవు. అంత ముద్దుగా కుదిరింది. మీ కంపెనీల్లో ఏ ఇంజినీరైనా ఇంత శ్రద్ధ పెడతాడా చెప్పు.

గలీబు మీద అరచేతంత గోధుమరంగు మరక తేలింది. రేకు తుప్పు కారి ఉంటుంది. చూడ్డానికి బాగాలేదని దాని మీద ఇంకో పొర దూది వేసి రెండో గలీబు తొడిగాను. చెయ్యి వేస్తే వెచ్చగానే ఉంది. మార్చి నెలలో రేకుల కింద అటక వెచ్చగా ఉండక చల్లగా ఉంటుందా? మీ అత్త మాత్రం రెండు మూడు రోజులుగా ఎవరో గుడ్డ మీద ఇస్త్రీపెట్టె మర్చిపోయారంటోంది. పక్కన లాండ్రీ ఉందిగా, మర్చిపోయే ఉంటారన్నాను. రేడియో అవతలి గోడకి మార్చాను, ఏం మారలేదు. ఈమధ్య గోల ఎక్కువైంది కూడా.

ఆ పొడుగాయన వేళ్ల సంగతి మీ అత్తకి చదవలేదు. చదవను. నువ్వు అక్కడ కూర్చుని కథలు రాస్తావు, ఇక్కడ భయపడేది ఆవిడ. నన్ను బెదిరించి దారికి తెచ్చుకోవాలని చూస్తున్నావు. నీకు లంగాలు కుట్టి, జడలు వేసి, బడికి తీసుకెళ్లి దిగబెట్టినవాణ్ణి నేను. నా పని నాకు నేర్పించే స్థాయికి ఎదిగావు, సంతోషం.

అయినా నీ నస భరించలేను. పదమూడో తేదీ బుధవారం దుకాణం సెలవు. ఆవేళ మిట్టమధ్యాహ్నం, అటకలోకి వెలుతురు బాగా వచ్చే వేళ చూసి, మెయిన్ స్విచ్చు కట్టేసి, గలీబులు రెండూ విప్పి, ఆ ప్లగ్గుల్ని నా చేత్తో ఊడదీసి, తుడిచి, మళ్లీ పెట్టి, మరకా గిరకా లేకుండా కొత్త గలీబు కుడతాను. అప్పుడైనా శాంతిస్తావా?

మావయ్య

మార్చి 7, గురువారం

మావయ్యా,

ముట్టుకోకు. ముందు ఈ ఒక్క మాట చదువు. అత్తకి కూడా గట్టిగా చదివి వినిపించు. బుధవారం ఆ కట్టని ముట్టుకోకు.

ఆ మరక తుప్పు కాదు. ప్లగ్గు లోపల కాలుతోంది. వేడి గాలిలోకి పోవాలి, నువ్వు దానికి దుప్పటి కప్పావు, మరక కనిపించాక రెండో దుప్పటి కప్పావు. తప్పు నీది కాదు, గాలి తగలనివ్వమని మొదటి ఉత్తరంలోనే నేను రాయాల్సింది. నువ్వు పరుపులు కుట్టేవాడివని నాకు తెలుసు. జాగ్రత్త చెయ్యమంటే ఏం చేస్తావో ఊహించలేకపోయాను.

రెండు వైర్లూ ఒకే కట్టలో ఉన్నాయన్నావు. వాటి మీది తొడుగు ఈపాటికి మెత్తబడి ఉంటుంది. రెండింటి రాగి ఒకదానికొకటి ఆనితే చాలు, మెయిన్ స్విచ్చు కట్టినా, పెట్టెలో స్విచ్చు కట్టినా ఇంక ఒకటే. అది స్విచ్చుకి అవతల. మధ్యాహ్నం వెలుతురు బాగుంటుందంటున్నావు, ఆ వెలుతురే కరెంటు. నువ్వు కదిపినప్పుడు అవి ఆనుతాయి, ఊడదీసినప్పుడు మధ్యలో మంట లేస్తుంది, అది ఎండ ఉన్నంతసేపూ ఆరదు. పొడుగాయన చుట్టూ మట్టి ఉంది. నీ చుట్టూ ఏముంది?

ఇలా చెయ్యి. మీటరు పక్క పెట్టెలో పలకల వైర్లు వచ్చే ఎర్ర స్విచ్చుంటుంది, అది ఇప్పుడే కట్టేసి వదిలెయ్యి. ప్లగ్గు ఇంకా వేడెక్కకుండా ఉంటుంది. అంతే, నువ్వు చెయ్యగలిగింది అంతవరకే. ఆ తర్వాత అటక తలుపు వేసెయ్యి. అత్తని ఎక్కనివ్వకు. ఒక్కరోజు కూడా. కంపెనీ ఆఫీసుకి వెళ్లి గుమ్మంలో కూర్చో, తెలిసిన మనిషి వస్తే గానీ కదలనని చెప్పు. ఆ మనిషి పొద్దు వాలాక పలకల మీద నల్ల పట్టా కప్పి, రబ్బరు చేతొడుగులు వేసుకుని విప్పాలి. పొగ కనిపిస్తే నీళ్లు పొయ్యకు, ఇద్దరూ బయటికొచ్చెయ్యండి. దూది పోతే పోనీ.

ఈ ట్యాంకరులోనే నేనూ ఎక్కి వచ్చేద్దామనుకున్నాను. వరసలో మూడు పలకలు మిగిలాయి, తాళంచెవి నా జేబులో ఉంది. ఉత్తరం సోమవారానికల్లా నీకు చేరుతుంది, బుధవారానికి రెండు రోజులు ముందే. లాండ్రీవాళ్ల నెంబరు నా దగ్గర లేదు, ఉంటే డ్రైవరు చేత ఊరు చేరాక ఫోను చేయించేదాన్ని. మావయ్యా, నీ మీద నాకు కోపమేం లేదు. నన్ను ఎన్ని మాటలన్నా పడతాను. ముట్టుకోకు.

నీ అమ్మడు

ఏప్రిల్ 4, గురువారం

మావయ్యా,

క్షేమంగా చేరాను. నీ చెయ్యి కట్టు విప్పారా? అత్త గొంతులో గొట్టం తీసేశారా? నేనున్న పది రోజుల్లోనూ ఆ గొట్టంతో ఆవిడ చెయ్యగలిగిందల్లా నా తల నిమరడం. కాలినచోట నొప్పి కంటే ఊపిరితిత్తుల్లోకి పోయిన పొగే ఎక్కువ భయమన్నాడు డాక్టరు. ఇంకో నెల గడిస్తే గానీ ఏమీ చెప్పలేనన్నాడు. ఆ మాటని ఇక్కడ రోజూ తిరగేసి బోర్లేసి చూస్తున్నాను, ఏ వైపు నుంచి చూసినా ఒకేలా ఉంది.

నా ఉత్తరం గురువారం పద్నాలుగున చేరిందన్నావు. బుధవారం దుకాణం కాలింది, మర్నాడు ఉత్తరం వచ్చింది. ఒక్క రోజు మావయ్యా. ఆ ట్యాంకరు ఎక్కి ఉంటే శుక్రవారానికి ఇంట్లో ఉండేదాన్ని. మూడు పలకల కోసం ఆగిపోయాను. ఆ మూడింటినీ అద్దంలా బిగించాను, తాళాలమ్మ మెచ్చుకుంది. ఇప్పుడు ఆ వరస పక్కనుంచి నడవలేకపోతున్నాను.

 మొన్న ఒక ప్లగ్గు సరిగ్గా పడిందో లేదో తేల్చుకోలేక పదిసార్లు చూశాను. ఇలాంటి మనిషి పలకల దగ్గర ఉండకూడదు, పక్కవాళ్లకి ప్రమాదం. తాళాలమ్మకి నా తాళంచెవి ఇచ్చేశాను. ఆవిడ తీసుకోనంటే బల్ల మీద పెట్టి వచ్చేశాను. స్టోరు గదిలో బోల్టులు ఏరుతున్నాను. ఈ నెలాఖరుకి పని మానేసి వచ్చేస్తాను. అత్తకి నేను చేసిపెడతాను. ఇంతకంటే నాకు చేతనయిందేమీ లేదు.

నువ్వు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

నీ మేనకోడలు

ఏప్రిల్ 9, మంగళవారం

అమ్మడూ,

ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకర్లు పోతే ఓర్చుకో. కుడిచెయ్యి ఉంది గానీ వేళ్లు ముడుచుకోవు. సూది పట్టవన్నాడు డాక్టరు. దాని గురించి కాదు ఈ ఉత్తరం.

నీ ఉత్తరం పద్నాలుగున రాలేదు. సోమవారం పదకొండునే వచ్చింది. నువ్వు లెక్కేసినట్టే వచ్చింది.

దుకాణం గుమ్మంలో నిలబడి చదివాను. రెండుసార్లు చదివాను. ముట్టుకోకు అని మూడుచోట్ల ఉంది. నాకు ఎక్కడ కాలిందో తెలుసా? దానికి దుప్పటి కప్పావు అన్న మాట దగ్గర. అంత ముద్దుగా కుట్టిన గలీబుని దుప్పటి అంది పిల్ల, నా పని తప్పంది అనుకున్నాను. మీ అత్త మిషను దగ్గర్నుంచి, "అమ్మాయేనా, ఏం రాసింది?" అని అడిగింది. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, "ఏముంది, బాగానే ఉందట, నిన్ను అడిగింది" అన్నాను. ఆవిడ సంతోషపడి అటకెక్కింది. మంగళవారమూ ఎక్కింది.

ఎర్ర స్విచ్చు కట్టలేదు. నువ్వు చెప్పావని కట్టినట్టవుతుందని కట్టలేదు. నా అంత వయసున్న మనిషి ఇలా ఆలోచిస్తాడా అంటే, ఆలోచించాడు.

బుధవారం పన్నెండున్నరకి నేను పైకెక్కేసరికి ఆవిడ అటక అవతలి చివర చాప మీద కూర్చుని ఉంది. దిగమనలేదు. ఎందుకని అడిగితే ఉత్తరం సంగతి చెప్పాల్సొస్తుంది. మెయిన్ స్విచ్చు కట్టి వచ్చాను, అదే చాలనుకున్నాను. రెండో గలీబు విప్పాను. మొదటి గలీబు గుడ్డ నా చేతిలోనే పొడి పొడి అయిపోయింది. దూది నల్లగా ఉంది. అప్పటికైనా ఆగి ఉండాల్సింది. కట్టని కొంచెం పక్కకి తిప్పాను. నువ్వు రాసిన తెల్ల వెలుగు నేనూ చూశాను. నువ్వు రాసినట్టే ఆరలేదు. ఆవిడకి నేను కనిపించలేదు, ఏమైందో తెలియలేదు, "ఏవండీ, ఏవండీ" అంటూ నా వైపే పాక్కుంటూ వచ్చింది. నిచ్చెన అటువైపు లేదు కదా. మంట వైపే వచ్చింది.

నువ్వు ఆసుపత్రికి పరిగెత్తుకుంటూ వచ్చి, "నా ఉత్తరం అందలేదా?" అని అడిగినప్పుడు నీ మొహం చూసి నిజం చెప్పలేకపోయాను. మర్నాడు వచ్చిందన్నాను. ఆ తర్వాత ఆ అబద్ధం నన్ను పట్టుకుంది. పది రోజులు నా పక్కనే కూర్చుని నాకు అన్నం తినిపించావు. ఏ పూటకాపూట చెబుదామనుకున్నాను. చెప్పలేదు. నువ్వు వెళ్లిపోయాక గొట్టం తీశారు, మీ అత్తకి మాట వచ్చింది. రోజూ ఒకటే మాట. "పాపం పిల్ల, ఒక్క రోజు ముందు అందుంటే. అది ఎంత కుమిలిపోతుందో" అని. నేను తలూపుతూ కూర్చుంటున్నాను.

నీ నాలుగో తేదీ ఉత్తరం నిన్న వచ్చింది. నువ్వు తాళంచెవి బల్ల మీద పెట్టేశావన్న మాట చదివాక ఇంక దాచడం నా వల్ల కాలేదు. నీ ఉత్తరంలో ఏ తప్పూ లేదు. నీ లెక్క సరైనది, నీ మాట సరైనది, అది చేరాల్సిన రోజుకే చేరింది. మూడు పలకల వల్ల ఏమీ కాలేదు. నువ్వే వచ్చి ఎదురుగా నిలబడి చెప్పినా నేను వినేవాణ్ణో లేదో నాకే తెలియదు. నువ్వు వెళ్లి ఆ తాళంచెవి తీసుకుని మళ్లీ పలకల దగ్గరికి వెళ్లాలి. మా కోసం ఇక్కడికి వచ్చెయ్యకు. అడిగే ముఖం నాకు లేదు గానీ, ఇదొక్కటి అడుగుతున్నాను.

మీ అత్తకి చెప్పకుండా ఈ ఉత్తరం పోస్టు చేస్తే ఇదీ ఇంకో అబద్ధమే అవుతుంది. ఇప్పుడే లోపలికి వెళ్లి ఆవిడకి ఇది మొత్తం చదువుతాను. ఒక్క ముక్క కూడా మింగను.

మీ మావయ్య

చదివాను. మధ్యలో ఆపలేదు, ఆవిడా ఆపలేదు. అయ్యాక, ఏ రోజు వచ్చిందన్నావు, మళ్లీ చెప్పు అంది. సోమవారం అన్నాను.   తర్వాత నర్సుని పిలిచి, నన్ను బయట కూర్చోమని చెప్పమంది.

వరండాలో బెంచీ మీద కూర్చుని ఈ నాలుగు ముక్కలూ కలుపుతున్నాను. మూడు గంటలైంది. ఇంకా పిలవలేదు.